ఆదివారం అడిగినవాళ్ళం

మేము మిల్లు షావుకారును అడిగింది కూలి పెంచమని కాదు. ఆదివారం మాకు వదిలిపెట్టమని. ఇప్పుడు ఎవరికైనా చెబితే, అంత చిన్న కోరిక కోసం యూనియన్ పెట్టుకున్నారా అని నవ్వుతారు. ఎనభైల్లో, పత్తి సీజన్లో, చిలకలూరిపేట నుంచి గుంటూరు దాకా రోడ్డు పొడుగునా జిన్నింగు మిల్లులు పగలూ రాత్రీ ఆడుతున్న కాలంలో, అది చిన్న కోరిక కాదు.

పంట చేతికి రావడం మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మిల్లుకు సెలవంటూ ఉండేది కాదు. వినుకొండ వైపు నుంచి పత్తి బోరాలు వేసుకుని లారీలు వచ్చి గేటు బయట వరుసగా నిలబడేవి. మా పేట మగవాళ్ళు చాలామంది ప్రెస్సు దగ్గర దూదిని అదిమి బేళ్ళు కట్టేవాళ్ళు. ఆడవాళ్ళం షెడ్డులో కూర్చుని మచ్చ పత్తీ ఆకు చెత్తా ఏరేవాళ్ళం, లేదా గింజ వేరుచేసే జిన్ను మిషన్ల ముందు నిలబడి పత్తి పెట్టేవాళ్ళం. ఆదివారం మందిరంలో గంట కొట్టే వేళకే మిల్లు సైరన్ కూసేది. ఆ రెండూ ఒకేసారి వినపడేవి. ఒక పిలుపుకు పోతున్నామంటే రెండోదాన్ని కాదంటున్నట్టే కదా.

మా పాస్టరు గారు చాలా పల్లెలు చూసుకోవాలి. ప్రభువు బల్ల నెలకు ఒక్కసారే, అదీ మొదటి ఆదివారం పొద్దున. సీజను మొదలైతే మా పేటలో సగం మందికి రొట్టే ద్రాక్షరసమూ అందేవి కావు. సాయంత్రం ప్రార్థనకు వచ్చేవాళ్ళు జుట్టులో పత్తి నూగుతోనే వచ్చి కూర్చునేవాళ్ళు. పాట ఎత్తుకోగానే దగ్గు మొదలయ్యేది. కొన్నాళ్ళు పాట కంటే దగ్గే ఎక్కువ వినపడింది. మిల్లులో అందరికంటే వయసు మళ్ళినావిడ ఒకామె ఉండేది, పేటంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం, చెవులు సరిగా వినపడవు. ఒక సీజనంతా బల్లకు దూరమై, "నేనిట్టాగే పోతే ఆకలితో పోయినట్టేనే" అని నా ముందు ఏడ్చింది. ఆమె చెప్పింది అన్నం ఆకలి సంగతి కాదు.

యూనియన్ మాట మొదట ఎత్తింది మా బాబాయి. మా నాన్న నా చిన్నప్పుడే పోతే నన్నూ మా అమ్మనూ చూసుకున్నది ఆయనే. ప్రెస్సు దగ్గర మేస్త్రీ, మందిరంలో సంఘ పెద్ద. గట్టిగా మాట్లాడేవాడు కాదు గానీ ప్రార్థనకు మోకరిస్తే చివరిగా లేచేది ఆయనే. మిల్లులో అప్పటికే రెండు జెండాలు ఉన్నాయి. రెండూ కూలి గురించి కొట్లాడేవి, బోనసు గురించి కొట్లాడేవి. ఆదివారం గురించి అడిగితే రెండూ నవ్వేవి. అందుకని ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక, చాపలు చుట్టకముందే, బాబాయి లేచి మనకు మన యూనియన్ కావాలన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. తెల్లగుడ్డ మీద ఎర్రటి సిలువ కుట్టించాం. బోర్డు మీద క్రైస్తవ కార్మికుల యూనియన్ అని రాయించాం. బాబాయి ప్రెసిడెంటు. పదో తరగతి పాసయ్యానని నన్ను సెక్రెటరీ అన్నారు. ఆ జెండా మొదటిసారి మిల్లు గేటు పక్కన ఎగిరినప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంతోనే.

చీరాలలో మగ్గం మూలబడి మిల్లుకొచ్చిన ఒకాయన ఎర్రజెండా యూనియన్ నడిపేవాడు. ప్రెస్సు మీద బాబాయికి జోడీ. కులం వేరు, మతం వేరు, అయినా ఇద్దరూ బావా అని పిలుచుకునేవాళ్ళు. జెండా ఎత్తిన మర్నాడు టీ కొట్టు ముందు పట్టుకున్నాడు.

"ఏంది బావా, జెండా మీద సిలువ కుట్టించావంట?"

"కుట్టించా. నీకేంది కష్టం?"

"నాకేం కష్టం? మా జెండా మీద కొడవలుంది, కోసుకుని తింటాం. మీ దాని మీద సిలువుంది. దాని మీదకి ఎవర్ని ఎక్కిస్తారా అని అడుగుతున్నా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. చీరాల ఆయన మాత్రం నవ్వు ఆపేసి గొంతు తగ్గించాడు.

"మాట విను బావా. పేరు మార్చు. పత్తి మిల్లు కూలోళ్ళ యూనియన్ అని పెట్టు. లోపల మీరు పాటలు పాడుకోండి, మోకాళ్ళ మీద కూచోండి, ఎవరొద్దన్నారు? బోర్డు మీద ఎందుకు?"

"ప్రభువు పేరు చెప్పుకోడానికి నేను సిగ్గుపడితే, ఆ రోజున ఆయన నన్ను చూసి సిగ్గుపడతాడు."

"ఏ రోజున?"

"నీకు తెలవదులే."

"నాకు తెలిసిన రోజులు నాకున్నాయిలే బావా" అని ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆయన ఎందుకు భయపడ్డాడో చెప్పాలంటే మా ఇళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మా పేటలో అందరం విశ్వాసులమే. మా తాతల నాటి నుంచీ అంతే. కానీ బడిలో చేర్చేటప్పుడు మాస్టారు మా అందరికీ హిందువు అనే రాసేవారు. క్రైస్తవులని రాస్తే షెడ్యూల్డు కులానికి వచ్చే హాస్టలూ స్కాలర్‌షిప్పూ ఉద్యోగమూ పోతాయి. అంటరానితనం మాత్రం పోదు. ఆ టీ కొట్టులోనే మా గ్లాసులు చూరులో వేరుగా ఉండేవి. అందుకని ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఇందులో అబద్ధం ఉందని మా పెద్దవాళ్ళు అనుకోలేదు. సర్కారు అడిగింది మన కులం, కులం ఎక్కడికీ పోలేదు కదా అనేవాళ్ళు.

దాన్ని పట్టుకుని ఇంకొక వాడుక పుట్టింది. ఎవరూ కూర్చుని నియమంగా పెట్టింది కాదు. మా సంఘంలో పసిపిల్లలకు నీళ్ళు చల్లరు. ఊహ తెలిసి, తనంతట తాను ఒప్పుకుని, అందరి ముందూ కాలువలో మునగాలి. అది బాప్తిస్మం. మునిగినవాళ్ళకే బల్ల. అయితే చదువుకున్న పిల్లలు ఉద్యోగం ఆర్డరు చేతికి వచ్చేదాకా మునిగేవాళ్ళు కాదు. కుల విచారణకు ఎవరైనా వచ్చి అడిగితే, ఇంకా బాప్తిస్మం కాలేదండీ అని చెప్పవచ్చు. అది నిజమే కాబట్టి నోరు తడబడదు. ఆర్డరు వచ్చిన ఏడాదే కాలువలో దిగేవాళ్ళు. పాస్టరు గారికి తెలుసు. అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

బాబాయి కూతురు అప్పుడు ఆ వరుసలో ఉంది. నాకంటే చిన్నది, ఒక్కతే కూతురు. టీచరు ట్రైనింగు ముగించింది, ఉద్యోగానికి ఎంపికైంది. మందిరంలో పాట ఎత్తేది ఆమే. రొట్టె పంచే వేళ మునగని పిల్లలంతా లేచి బయటకు వెళ్ళాలి. ఆమె అప్పటిదాకా పాడించి, పాట అందరి నోటా నడుస్తుండగా తాను నెమ్మదిగా లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయేది. "ఈ మట్టలాదివారానికి దిగుతానక్కా" అని నాకు చెప్పింది. ఈస్టరుకు ముందు ఆదివారం అది, మా సంఘంలో బాప్తిస్మాలు ఆ రోజే. "ఆర్డరొచ్చినా రాకపోయినా దిగేస్తా. ఇంక బయట కూచోలేను." అలా అన్నది గానీ ఆర్డరు కోసం ఆమె ఎంత ఎదురుచూస్తున్నదో నాకు తెలుసు. ఆ ఇంట్లో మిల్లు దుమ్ము మింగకుండా బతకబోయే మొదటి మనిషి ఆమె. బాబాయి కూడా చేతులు ఎత్తి ప్రార్థించేది ఆ రెండింటి కోసమే, ఉద్యోగమూ బాప్తిస్మమూ.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులు. చెల్లికి కులం సర్టిఫికెట్టు ఇచ్చే ముందు ఎమ్మార్వో ఆఫీసు నుంచి విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మా పేటకు వచ్చాడు. బాబాయి ఇంట్లో పిన్ని గోడ మీదున్న వాక్యం క్యాలెండరును తిప్పి పెట్టింది. ఆయన లోపలికి రాలేదు. వాకిట్లో మంచం వాలిస్తే కూర్చోలేదు, మంచినీళ్ళిస్తే తాగలేదు. ఆ నీళ్ళు తాగకపోవడంతోనే మా కులం ఆయనకు రుజువైపోయింది కదా అని నాకు అనిపించింది. నిలబడే ఇల్లంతా కళ్ళతో వెతికి, తిప్పిపెట్టిన క్యాలెండరు వంక కొంచెంసేపు చూసి, "సరే చూద్దాం" అని స్కూటరెక్కాడు.

ఒక శుక్రవారం అందరం ఉపవాసం ఉండి, ఆ తర్వాత షావుకారు దగ్గరకు మనవి తీసుకుపోయాం. బాబాయి, నేను, ఇంకా కొందరు. కొట్టి తరిమినా ఆశ్చర్యపోకూడదని అనుకుంటూ వెళ్ళాం. మేనేజరు మమ్మల్ని వరండా ఎక్కమన్నాడు. అంతకుముందు ఎవర్నీ ఎక్కనిచ్చేవాడు కాదు. "ప్రెసిడెంటు గారూ" అన్నాడు బాబాయిని. అంతవరకూ "ఒరేయ్" అని పిలిచిన నోరు అది. మా మాటంతా విని, షావుకారు గారికి చెబుతానని, గేటు దాకా వచ్చి సాగనంపాడు. బయటికొచ్చాక మా వాళ్ళు స్తోత్రం స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, వెనక్కి తిరిగి ఆ వరండా వంక చూస్తూ.

వారం తిరగకముందే పిడుగురాళ్ల సున్నం బస్తాలు మందిరం ముందు దిగాయి. పండక్కి గోడలకు వేయించుకోమని షావుకారు పంపాడట. మా వాళ్ళ సంతోషం చెప్పలేను. ఆ రాత్రి సాక్ష్యాలు చెప్పారు. రాతి గుండెను దేవుడు మెత్తన చేశాడని ఒకరు, శత్రువును మిత్రుణ్ణి చేశాడని ఒకరు. తెల్లవారి సున్నం తొట్లో పోసి నీళ్ళు కొట్టారు. బుడబుడమని ఉడుకుతూ, పొగలు కక్కుతూ, దగ్గరికి పోలేనంత వేడి పుట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. సింహాల గుహలో పడ్డ భక్తుడి మీద శత్రువులు ఏ తప్పూ కనిపెట్టలేకపోయారని, చివరికి ఆయన ప్రార్థన చేసుకునే సంగతినే ఉచ్చుగా పన్నారని నేను ఆదివారపు బడి పిల్లలకు ఎన్నోసార్లు పాఠం చెప్పాను. ఆ పాఠం ఆ పొద్దున ఎందుకు గుర్తొచ్చిందో అప్పుడు తెలియలేదు.

చీరాల ఆయనకు ముందే తెలిసింది. సాయంత్రం బాబాయి ఇంటికే వచ్చాడు. గడప బయట గోనెపట్టా మీద కూర్చున్నాడు.

"ఒప్పుకున్నాడంట. సోమవారం వచ్చి అందరి ముందూ చెప్తాడంట" అన్నాడు బాబాయి.

"ఎట్టా చెప్తాడో విన్నావా? క్రీస్తువులొక పక్క, మిగతావాళ్ళొక పక్క నిలబడాలంట. మీ పక్కోళ్ళకి ఆదివారం. మా పక్కోళ్ళు ఆ రోజు మీ జిన్నులు కూడా ఆడించాల. మావాళ్ళు అప్పుడే పళ్ళు నూరతన్నారు బావా. పాటలు పాడుకోడానికి వాళ్ళు, చావడానికి మనమా అంటన్నారు."

"నేను అందరికీ అడుగుతా."

"అడిగితే ఇస్తాడా? ఇంకోటి విను. ఆ రోజు ఎమ్మార్వో ఆఫీసాయన కూడా వస్తున్నాడు. పొద్దున మేనేజరు గదిలో చూశా. మీ ఇంటికొచ్చి నీళ్ళు తాగకుండా పోయాడే, ఆయనే. అక్కడ మాత్రం కూల్‌డ్రింకు తాగాడులే."

పిన్ని చేట కింద పెట్టింది. ఏరుతున్న ఎండుమిరపకాయల ఘాటు ఇంటినిండా ఉంది. ఎవరూ దగ్గలేదు కూడా. అప్పటికి అందరికీ అర్థమైంది. మిల్లులో ఒక పక్క నిలబడ్డవాడు, ఆ సాయంత్రం ఇంటి దగ్గర ఇంకో పక్క నిలబడలేడు.

"సోమవారం నువ్వు పోవద్దు. జొరమని పడుకో" అంది పిన్ని.

"ప్రెసిడెంటు పడుకుంటాడా?"

"ప్రెసిడెంటంట! ఎవురు పెట్టారయ్యా నిన్ను ప్రెసిడెంటుగా, సర్కారా? కూతురి నోటికాడ కూడు తీసి ఎవురికి పెడతావు?"

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న చెల్లి ఒక్కసారి లేచింది. తండ్రి ముందు ఆమె గొంతెత్తడం నేను వినడం అదే మొదటిసారి.

"ఆ పేరెందుకు పెట్టావు నాన్నా? కూలోళ్ళ యూనియనని పెడితే దేవుడు వద్దన్నాడా? ఆదివారం అడగొచ్చుగా. దాని మీద మన పేరు రాసుకోవాలా?"

బాబాయి "నిజమే అమ్మా" అన్నాడు. "నాకు తోచలేదు. ఆ పేరు తప్ప ఇంకో పేరుందని నాకు తోచనే లేదు."

అది నిజం. మాలో ఎవరికీ తోచలేదు.

మధ్యలో వచ్చిన ఆదివారానికి ఇంకా సెలవు రాలేదు గనుక నేను మందిరానికి పోలేదు, మిల్లుకు పోయాను. సోమవారం గాలి లేదు. పొలాల్లో కల్లాల మీద మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, ఆ ఘాటు రోడ్డు మీద కదలకుండా నిలిచిపోయింది. మేము లోపలికి పోగానే జిన్నులన్నీ ఆపించారు. సీజన్లో ఆ మిల్లు నిశ్శబ్దంగా ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. రేకుల మీద కాకి నడుస్తుంటే వినపడింది.

షావుకారు కాటా పక్కన నిలబడ్డాడు. ఇస్త్రీ పంచె, చేతిలో తాళాల గుత్తి. పక్కన కుర్చీలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఊరికే చూడవచ్చినవాడిలాగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"మీరు మీ దేవుడి పేరు మీద యూనియన్ పెట్టుకున్నారు. నాకు సంతోషం" అన్నాడు షావుకారు. "దైవభయం ఉన్నవాళ్ళంటే నాకు ఇష్టం. క్రైస్తవులకు ఆదివారం సెలవిస్తున్నా. అయితే ఎవరు క్రైస్తవులో నాకు తెలియాలి గదా. క్రైస్తవులంతా ఇటు కాటా దగ్గరకు రండి. తక్కినవాళ్ళు గింజల షెడ్డు వైపు నిలబడండి."

బాబాయి చేతులు కట్టుకుని, "అయ్యా, ఆదివారం అందరికీ ఇప్పించండి. వాళ్ళూ మనుషులే" అన్నాడు.

"వాళ్ళు అడగలేదుగా! మీ దేవుడికి ఆదివారం. వాళ్ళ దేవుళ్ళకి ఏ వారమో వాళ్ళు అడిగితే చూద్దాం. రండి రండి, బేళ్ళు ఆగినాయి."

చీరాల ఆయన ఒక్క ఉదుటున మధ్యలోకి వచ్చాడు.

"ఎవరూ కదలొద్దు! బావా, నీ మనుషులకు చెప్పు! నిలబడ్డ చోటే నిలబడండి. అందరికీ ఇస్తే తీసుకుందాం, లేకపోతే ఎవరికీ వద్దు. అడుగు తియ్యకండి!"

ఆయన చెప్పింది తెలివైన మాట. కదలకుండా అందరం ఒక్క గుంపుగా నిలబడితే షావుకారు చెయ్యగలిగింది ఏమీ లేదు. ఏ యూనియన్ వాళ్ళైనా అదే చేస్తారు. కానీ మేము చిన్నప్పటి నుంచి విన్నది వేరు. మనుషుల ముందు క్రీస్తును ఒప్పుకోనివాణ్ణి క్రీస్తు తన తండ్రి ముందు ఒప్పుకోడని విన్నాం. చలిమంట కాచుకుంటూ నేనెరుగనన్న శిష్యుడి సంగతి విని ఏడ్చాం. క్రైస్తవులు ఇటు రండి అని ఒకడు పిలిచినప్పుడు నిలబడిపోవడం మాకు యూనియన్ పట్టుదలగా కనపడలేదు, బొంకడంగా కనపడింది. షావుకారుకు అది తెలుసు. ఆదివారం సువార్తలు ఆయన కూడా ఎక్కడో విని ఉంటాడు.

పెద్దమ్మ నా జబ్బ పట్టుకుంది. "ఏందంటన్నాడే?"

నేను ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాను. "క్రీస్తును నమ్మినోళ్ళని అటు రమ్మంటన్నాడు పెద్దమ్మా."

"దానికింత ఆలోచనేందే?" అని, తట్ట చంకన పెట్టుకుని, అందరి మధ్య నుంచీ నడుచుకుంటూ కాటా దగ్గరకు పోయి నిలబడింది. ఆమెకు బడికిపోయే పిల్లలు లేరు.

ఆమె వెనక నేను వెళ్ళాను. ఇంకా కొందరు వచ్చారు. హాస్టళ్ళలో పిల్లలున్నవాళ్ళు కదల్లేదు. తలలు వంచుకుని నేల చూస్తున్నారు. వాళ్ళలో మందిరంలో నా పక్కన కూర్చునేవాళ్ళు ఉన్నారు. మాతోపాటు పత్తి ఏరే పిన్ని, బాబాయి చొక్కా వెనక గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

"ప్రెసిడెంటు గారూ, మీరెటు?" అన్నాడు మేనేజరు.

బాబాయి వెనక్కి తిరిగి పిన్ని వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. కోపంగా కాదు, ముల్లు గుచ్చుకున్న గుడ్డను విడదీసినట్టు. తర్వాత నడిచి వచ్చాడు. కాటా దగ్గర ఆగి, ఎవరూ అడగకపోయినా, మందిరంలో సాక్ష్యం చెప్పే గొంతుతో, "నేను యేసుక్రీస్తు దాసుణ్ణి" అన్నాడు. ఇన్‌స్పెక్టరు కాళ్ళు దగ్గరికి లాక్కుని సరిగ్గా కూర్చున్నాడు. షెడ్డు వైపు నుంచి ఎవరో, "పోండిరా, పోయి పాడుకోండి" అని ఉమ్మేశారు. చీరాల ఆయన ఆ మధ్యలోనే నేల మీద కూలబడ్డాడు.

నా విశ్వాసం ఆ పొద్దుటి కంటే గట్టిగా ఎన్నడూ లేదు. భయం కూడా అంతే.

పొద్దు గూకకముందే స్కూటరు వచ్చింది. నేను బాబాయి ఇంట్లోనే ఉన్నాను. బాబాయి గడప మీద కూర్చుని ఉన్నాడు, లేచి నిలబడబోతే ఇన్‌స్పెక్టరు చేత్తో వద్దన్నాడు.

"నీతో పని లేదయ్యా. నీ సంగతి పొద్దున నువ్వే చెప్పావు. అమ్మాయిని పిలువు."

చెల్లి వచ్చి గుంజ పక్కన నిలబడింది.

"చూడమ్మా. నేను మీకు కీడు చెయ్యాలని రాలేదు. మీ నాన్నది మీ నాన్నది. నీది నీది. నీకు బాప్తిస్మం అయిందా?"

"కాలేదండీ."

అంతవరకూ మా అందరికీ అలవాటైన జవాబే. తరతరాలుగా కాపాడిన జవాబు. ఆయన అక్కడితో ఆగి స్కూటరెక్కి పోవాలి. ఆయన పోలేదు.

"తీసుకునే ఉద్దేశం ఉందా?"

ఆ ప్రశ్న మా పేటలో అంతకుముందు ఎవరూ ఎవర్నీ అడగలేదు.

"రేపు నా మీద ఎవరైనా కంప్లయింటు పెడితే నేను సమాధానం చెప్పుకోవాలమ్మా. మిల్లులో ఇంతమంది చూశారు. ఉందా, లేదా?"

ఆమె తండ్రి వంక చూసింది. నేను కూడా చూశాను. పొద్దున షావుకారు ముందు గొంతెత్తిన మనిషి ఆయనే. ఒక్క మాట అంటే చాలు. చెప్పమ్మా అనవచ్చు, వద్దమ్మా అనవచ్చు. ఏది అన్నా ఆ పిల్ల దాన్ని పట్టుకుని ఉండేది. బాబాయి తన అరచేతులు చూసుకుంటున్నాడు, బేళ్ళ ఇనప పట్టీలు కోసిన గీతలు. తన ప్రాణమైతే ఆయన పొద్దున ఇచ్చేశాడు. ఈమెది ఇవ్వడానికి ఆయనకు చేతులు రాలేదు, ఉంచుకొమ్మనడానికి నోరు రాలేదు.

"లేదండీ" అంది చెల్లి.

"ఎప్పటికీనా?"

"లేదండీ."

"సరే. అది గుర్తుంచుకో. ఉద్యోగం వచ్చాక కూడా అడిగేవాళ్ళుంటారు. నేనే కాకపోయినా ఎవరో ఒకరు." ఆయన స్కూటరు దుమ్ము పేట చివరిదాకా నిలబడి ఉంది. లోపల పిన్ని సంతోషించిందో ఏడ్చిందో, రెండూ ఒకే శబ్దంగా వినపడ్డాయి.

ఆర్డరు వచ్చింది. ఆమె వినుకొండ అవతల ఒక ఊళ్ళో పంతులమ్మగా చేరింది. మాకు ఆదివారం కూడా వచ్చింది, ఆ సీజను అయ్యేదాకా. సైరన్ కూస్తుంటే మేము తెల్లటి కొత్త సున్నం గోడల మధ్య కూర్చుని బల్లలో పాలుపొందాం. పెద్దమ్మ రొట్టె ముక్కను చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. మరుసటి సీజనుకు మేనేజరు కాటా పక్కన నిలబడ్డవాళ్ళను ఎవర్నీ పిలవలేదు. "ఆదివారం మీకు కావాలన్నారు, ఉంచుకోండి. తక్కిన రోజులు వేరేవాళ్ళకి ఇచ్చుకున్నాం" అన్నాడు. చీరాల ఆయన మా కోసం గేటు ముందు ధర్నాకు కూర్చున్నాడు, తనవాళ్ళే ఆయన వెంట రాలేదు. యూనియన్ బోర్డు మందిరం వెనక వాననీళ్ళకు పాడైంది. బాబాయి గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోయడానికి పోయాడు. నేనూ పిన్నీ మిరపకాయల తొడిమలు తీసే పనికి కుదిరాం. సంఘంలో నడిచి వచ్చినవాళ్ళూ నిలబడిపోయినవాళ్ళూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు, మాట మాత్రం తక్కువ.

చెల్లి సెలవులకు వచ్చినప్పుడు మందిరానికి వచ్చేది. పాట ఇంకొకరు ఎత్తేవాళ్ళు. రొట్టె వేళకు చిన్నపిల్లలతో కలిసి లేచి బయటకు వెళ్ళేది, ఉద్యోగస్థురాలు, గంజి పెట్టిన చీరతో. వచ్చే ఏడు చూద్దామక్కా అనేది మొదట్లో. తర్వాత అనడం మానేసింది. పాస్టరు గారు ఆమెను ఎన్నడూ అడగలేదు. అడిగితే సరేనంటుందేమోనని ఆయన భయం. వద్దంటుందేమోనని నా భయం. ఆమె కోసం నేను ప్రార్థించే ప్రార్థనలో ఇప్పటికీ ఏం అడగాలో నాకు సగం దాకానే మాటలు వస్తాయి. దేవుడికి తక్కిన సగం తెలుసునని నమ్ముతాను. నమ్మకపోతే నేను నిద్రపోలేను.

ప్రతి మట్టలాదివారం, వేసవికి కాలువ కట్టేయకముందే, బాప్తిస్మాలు జరుగుతాయి. పాస్టరు గారు నడుము లోతు నీళ్ళలో నిలబడతారు. గట్టు దిగేవాళ్ళ చేయి పట్టి ఆయన దగ్గరకు చేర్చే పని సంఘ పెద్దగా బాబాయిది. చెల్లి గట్టు మీద ఉంటుంది, మునిగి వచ్చేవాళ్ళ పొడిబట్టలు చేతుల మీద వేసుకుని. ఆ పని ఎవరూ చెప్పలేదు, తానే పెట్టుకుంది. అందరూ అయ్యాక పాస్టరు గారు తల ఎత్తి, ఆనవాయితీ ప్రకారం, "ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని గట్టు వైపు అడుగుతారు. ఆ మాట తర్వాత కొంచెంసేపు ఆగుతారు. అప్పుడు బాబాయి గట్టు వైపు చూడడు. చెల్లి బట్టలు మడత పెడుతుంటుంది. పాస్టరు గారు ఆశీర్వాదం పలికి పైకి వచ్చేస్తారు, జనం పాడుకుంటూ దారి పడతారు. బాబాయి మాత్రం నీళ్ళలోనే నిలబడి ఉంటాడు, మేము పిలిచేదాకా.